నిజాం కారూ – మా పొలం ఇంజనూ

నేను కారు గురించి వ్రాస్తానంటే హాస్టలు మిత్రులు నవ్వారు. "ఇంట్లో సైకిలు తప్ప లేనివాడివి, నీకు రోల్స్ రాయిస్ ఎందుకురా?" అన్నారు. నిజమే. కాని కిందటేడు విహారయాత్రలో హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆ పసుపుపచ్చని కారును చూసినప్పటి నుంచీ ఒక ఆలోచన నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరిచ్చి, చేతికందక ముందే 1911లో కన్నుమూశారు. ఎక్కే యోగం కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. పైబాడీ లండనులోని బార్కర్ కంపెనీ చేతిపని. వెనుక సీటు సింహాసనం మాదిరి ఉంటుంది. మావాళ్ళంతా దాన్ని చూసే ముచ్చటపడ్డారు. నాకు మాత్రం బానెట్ ఎత్తి చూడాలనిపించింది. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లు దాటిన ఇంజను మరి!

ఈ కారు ఘనత సింహాసనంలో లేదని నా అభిప్రాయం. 1907లో బ్రిటనులో ఇదే మోడలుకు చెందిన ఒక వెండిరంగు ఓపెన్ కారును 15,000 మైళ్ళు నడిపి పరీక్షించారు. 629వ మైలు దగ్గర పెట్రోలు కుళాయి అదురుకు మూసుకుపోయి ఆగింది. ఆ తరువాత 14,371 మైళ్ళు చెడి ఆగిందే లేదు. అంతకన్నా విశేషం, పరుగయ్యాక దాన్ని పూర్తిగా విప్పి, భాగాలన్నీ కొలిచి, అరిగినవి మార్చారు. టైర్లు కాక, ఆ భాగాలకైన ఖర్చు రెండు పౌన్ల చిల్లర! విప్పి బిగించుకోవడానికి వీలుగా చేసిన బండి అన్నమాట.

అటువంటి పాత బండిని మళ్ళీ నిలబెట్టడమంటే రంగు కొట్టడం కాదు. రేకు కింద కొయ్య చట్రం ఉంటుంది. అది పుచ్చిపోతే వడ్రంగి దిగాలి. బేరింగులు కొట్లో కొని బిగించేవి కావు. తెల్లలోహం కరిగించి పోసి, క్రాంకుషాఫ్టుకు సరిగ్గా కూర్చునేదాకా చేత్తో గీకాలి. దొరకని పార్టును లేతు మీద తీయాలి. టాపు మడిచే బండయితే గుడ్డ కుట్టే దర్జీ కూడా కావాలి. ఇందరిలో ఒక్కరైనా మన సిలబస్‌లో ఉన్నారా? పెట్రోలు ఇంజను పని చేసే తీరుకు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న నేను, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఒక్క స్పార్కుప్లగ్గు విప్పి ఎరగను.

రేపల్లె దగ్గర మా పొలంలో తాతయ్య కొన్న ఆయిలింజను ఉండేది. కాలువ నీళ్ళు ఎక్కనప్పుడు అదే దిక్కు. దాన్ని బాగుచేసే మేస్త్రీ పెద్దవాడై పని మానుకున్నాడు. కొడుకు ఆ పని నేర్వలేదు. మూడేళ్ళు పాకలో పడున్నాక మా నాన్న దాన్ని పాత ఇనుము కింద తూచి ఇచ్చేశాడు. నేనప్పుడు ఇంటర్మీడియట్. "పోనీలే, చోటు కలిసొచ్చింది" అన్నది నేనే. తెనాలి శిల్పులు పాత బండ్ల నట్లూ బోల్టులతో విగ్రహాలు చేస్తారు గదా, వాటి ముందు నిలబడితే మా ఇంజను నట్టేదైనా ఉందేమోనని కళ్ళు వెతుకుతాయి.

2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపు చెడని సొంత బండ్లకు ప్రత్యేక నంబరు ఇస్తారు. రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు. మంచిదే. కాని కిరాయి లారీలకు ఇందులో చోటు లేదు. మా పొలం ఇంజనుకు అసలు నంబరే లేదాయె! నిజాం కారును కాపాడేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మేస్త్రీ చేతిలోని పని ఎవరికి పట్టింది?

అందుకే యూనియన్‌ను అడుగుతున్నాను. సైకిలు షెడ్డులో ఒక మూల ఇప్పించండి. ఒక పాత ఇంజను తెచ్చి, నెలకు రెండు శనివారాలు విప్పి బిగిద్దాం. లెక్చరర్లు "పరీక్షకు రాదుగా" అంటారు. రాదు సార్, ఒప్పుకుంటాను. పొగ అంటారా, రోజంతా తిప్పబోము. దసరా సెలవుల్లో మా మేస్త్రీని కదిపితే, "ముందు ఇంజను తెచ్చుకో అబ్బాయ్, తరవాత మాట్లాడదాం" అన్నాడు. బాపట్ల మిత్రుడొకడు వాళ్ళ పెదనాన్న పాకలో ఒకటుందంటున్నాడు. తెనాలి వైపు ఇంకెవరింట్లోనైనా ఉంటే చెప్పండి. తూకానికి పోకముందే చెప్పండి. ట్రాక్టరు నేను మాట్లాడతాను.