మా పని కావాలె, మా పొరుగు వద్దా?

అన్నలారా, అక్కలారా,

మొన్న పండుగకు ఊరికి వచ్చినప్పుడు మన వాడలో వేపచెట్టు గద్దె మీద కూర్చున్నాం. ఇంటరు పూర్తయిన పిల్లగాడొకడు నా పక్కకు జరిగి, "చిన్నాయినా, పట్నంలో కులం లేదంట గదా, నిజమేనా?" అని అడిగిండు. వాని ముఖంలో ఆశ చూసి నాకు నిజం చెప్ప బుద్ధి కాలేదు. "లేదురా, వచ్చెయ్" అన్నాను. ఆ అబద్ధం ఆడి బస్సెక్కిన నాటి నుంచి మనసు మనసులో లేదు. ఆ పిల్లగానికి ఇవ్వాల్సిన జవాబే ఈ రాత. చదువు వచ్చినోళ్లు రానోళ్లకు చదివి వినిపించండి.

మా పట్నం గొప్పలు మీరు వినే ఉంటారు. 1591లో కట్టిన ఊరు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం, తమిళం, హిందీ అన్నీ ఒకే సిటీ బస్సులో వినిపిస్తాయి. గుడి పక్కనే మసీదు, దాని పక్కనే చర్చి. అన్ని రకాల మనుషులు కలిసి బతికే నగరమని మంత్రులు మైకుల్లో చెప్తారు, పత్రికలు రాస్తాయి.

ఇందులో నిజం లేకపోలేదు. నేను పనిచేసే చిన్న ప్రెస్సు చిక్కడపల్లిలో ఉంది. మెషిన్ నడిపే భాయ్ యాకుత్‌పురా నుంచి వస్తాడు. కటింగు మెషిన్ మీద బీహారు పిల్లగాడు. డీటీపీ చేసే అమ్మది కోస్తా జిల్లా. కాగితం రీములు పంపే సేటు మార్వాడీ. బైండింగు పని నాది. నాలుగ్గంటలకు చాయ్ వస్తే అందరికీ ఒక్క తీరు గ్లాసులే. మా ఊరి హోటల్లో మా నాయినకు చూరులో చెక్కిన వేరే గ్లాసు ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టి పోవాలి. ఆ గ్లాసు ఇక్కడ లేదు. ఆ మాట దాచను. కూలి చేతికిస్తారు, పైనుంచి విసిరెయ్యరు. బస్సులో సీటు దొరికితే కూర్చుంటాం, లేవమనేవాడు లేడు. ఇది చిన్న సంగతి కాదు. పల్లెను స్వర్గమని పాడుకునే పెద్దమనుషులకు బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే జవాబు చెప్పిండు. పల్లె అంటే సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం పేరుకున్న చోటని మొహమాటం లేకుండా అన్నాడు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినోళ్లం, ఆ మాటను కాదనగలమా?

అయితే ఆ చాయ్ గ్లాసు పని గంటలకే పరిమితం. పని అయిపోయి, పొద్దు గూకి, "నువ్వు ఎక్కడుంటవ్?" అన్న ప్రశ్న వచ్చేసరికి పట్నం తన అసలు ముఖం చూపిస్తుంది. మన చేతులు దానికి కావాలి. మన పొయ్యి మాత్రం దాని గోడ పక్కన మండొద్దు.

కులం లేదన్న ఈ పట్నం తన కులాన్ని మా మెషిన్ మీదనే అచ్చేయించుకుంటుంది. మాఘమాసం వస్తే కులం పేరు తోకగా తగిలించిన శుభలేఖలు. కార్తీకం వస్తే కులానికొక వనభోజనం కరపత్రం. జనవరికి ముందు కుల సంఘాల డైరీలు, క్యాలెండర్లు. మధ్యలో వధూవరుల పరిచయ వేదికలు. మడతపెట్టి, పిన్ను కొట్టి, కట్టలు కట్టేది నా చేతులే. నేను ముట్టుకున్న శుభలేఖకు పసుపు కుంకుమ పెట్టి దేవుని ముందు ఉంచుతారు. నేను ముట్టుకున్న తలుపు గడియ మాత్రం మైలపడుతుంది. ఇదేం మడి? ఇదేం ఆచారం?

ఇల్లు వెతికే కత చెప్తాను. పదిహేనేళ్లలో ఏడు ఇండ్లు మారినం. రాంనగర్, అడిక్‌మెట్, అంబర్‌పేట, ముషీరాబాద్, ఈ గల్లీలన్నీ నా చెప్పులకు తెలుసు. ఊర్లో దొర సూటిగా "ఏ కులపోడివిరా?" అని అడుగుతాడు. పట్నం ఓనరు చదువుకున్నవాడు, వంద దారుల్లో అడుగుతాడు. ముందు, "ఇంటిపేరేంది?" అంటాడు. దాంట్లో తేలకపోతే, "ఊర్లో మీ ఇల్లు ఎటు దిక్కు?" ఆ తర్వాత, "వెజ్జా, నాన్‌వెజ్జా? పెద్దకూర తింటరా?" "ఆదివారం చర్చికి పోతరా?" ఎంతకీ తేలకపోతే చివరికి, "ఏమనుకోకు, ఇంతకీ మీరు ఏమోళ్లు?" నిజం చెప్తే నవ్వుతూనే, "అయ్యో, పొద్దున్నే ఒకాయన అడ్వాన్సు ఇచ్చిపోయిండు" అంటాడు. వారం దాటినా బోర్డు అక్కడే వేలాడుతుంటుంది.

"వెజిటేరియన్లకు మాత్రమే" అని రాసిన బోర్డులు చూడండి. 2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లేనని తేలింది. మరి ఇన్ని శాకాహారపు ఇండ్లు ఎక్కడి నుంచి పుట్టుకొచ్చాయి? పై అంతస్తులో ఆదివారం కోడి ఉడుకుతుంటుంది, కింద గేటుకు ఆ బోర్డు ఉంటుంది. కూర మీద కాదు కోపం, కూర తినేవాడి పుట్టుక మీద.

ఈ తీరు ఒక్క బ్రాహ్మలదే అనుకోకండి. రెడ్డి, వెలమ, కమ్మ, కోమటి ఓనర్లే కాదు, మనలాగే దెబ్బలు తిన్న బీసీ అన్నలు కూడా రెండు గదులు వేసి అద్దెకిచ్చేసరికి మనువు కుర్చీలో కూర్చుంటున్నారు. మా భాయ్‌ది ఇంకో కత. పేరు చెప్పగానే అయిపోతుంది, రెండో ప్రశ్న కూడా ఉండదు. "తమ్మీ, నిన్ను నాలుగు ప్రశ్నలడిగి పంపిస్తరు, నన్ను ఒక్కదాంతోనే పంపిస్తరు" అని నవ్వుతాడు. ఆ నవ్వు వినలేం. సుఖదేవ్ థోరట్, మరికొందరు పరిశోధకులు ఢిల్లీలో, దాని చుట్టుపక్కల పట్టణాల్లో ఇదే పరీక్ష చేసి, 2015లో ఫలితాలు అచ్చేశారు. అగ్రకులం పేరుతో, దళితుని పేరుతో, ముస్లిం పేరుతో అద్దె ఇండ్లు అడిగించారు. అగ్రకులం పేరుకు తెరుచుకున్న తలుపుల్లో చాలా తలుపులు మిగతా పేర్లకు తెరుచుకోలేదు. అంటే ఇది ఒక గల్లీ రోగం కాదు, దేశం రోగం.

ఇక నా తప్పు చెప్పుకుంటాను. ఇది రాయడానికి చెయ్యి రాలేదు. కానీ ఇది దాస్తే మిగతాదంతా రాసి లాభం లేదు.

ఒక ఇంట్లో, తిరిగి తిరిగి అలసిపోయి, నోటికొచ్చిన ఇంకో కులం పేరు చెప్పాను. ఇల్లు దొరికింది. ఆ రోజే నా భార్య బాబాసాహెబ్ ఫోటో తీసి రేకుపెట్టెలో చీరల కింద పెట్టింది. ఏడాదిన్నర ఆ ఇంట్లో పెద్దకూర వండలేదు. ఊరి నుంచి మా అమ్మ వస్తే, "ఎవరన్న పలకరిస్తే ఎక్కువ మాట్లాడకు" అని చెప్పాను. మెట్ల మీద మనిషి కనబడితే మా అమ్మ కొంగు సవరించుకుని మాట్లాడకుండా లోపలికి వచ్చేది. ఊర్లో దొర ముందు నోరు మూసుకుంది. పట్నంలో కొడుకు ఇంట్లోనూ నోరు మూసుకుంది. మరి నేను ఆమెకు చూపించిన పట్నం ఏది?

ఏప్రిల్ వచ్చింది. జయంతికి ముందు రోజు బడిలో నా బిడ్డ బాబాసాహెబ్ బొమ్మ గీసింది. మూడో తరగతి. టీచరు మెచ్చుకుని పెన్ను ఇచ్చిందట. ఆ సంబరంతో మెట్లెక్కుతూ ఓనరమ్మకు చూపించి, "ఈ తాత ఫోటో మా ఇంట్ల పెట్టెల ఉన్నది" అని చెప్పింది. ఓనరమ్మ పిల్ల తల నిమిరింది. పది రోజులకు, "మా తమ్ముడు వస్తున్నడు, ఇల్లు మాకే కావాలె" అని కబురు పంపింది. సామాను ఆటోలో వేసుకుని పోయిన వారానికి అటు దిక్కు పోతే గేటుకు టులెట్ అట్ట కట్టి ఉంది. ఆ అట్టలు మేమే వేలకు వేలు కొట్టి దుకాణాలకు వేస్తాం.

ఆటోలో నా బిడ్డ అడిగింది: "నాయినా, నేనేమన్న తప్పు చెప్పిన్నా?"

తప్పు దానిదా, నాదా, ఆ ఇంటివాళ్లదా? అబద్ధం ఆడింది నేను. అబద్ధం ఆడితే తప్ప తల దాచుకోనివ్వనిది వాళ్లు. నిజం చెప్పింది ఒక్క ఎనిమిదేళ్ల పిల్ల.

ఆ రాత్రి నాకు బాబాసాహెబ్ బరోడా సంగతి గుర్తొచ్చింది. 1917. అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో కొలువుకు పోయిండు. ఉండటానికి చోటు లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగిండు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పార్సీలు వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నరు. ఇద్దరు స్నేహితులను అడిగిండు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో సాకు చెప్పి తప్పించుకున్నరు. తోటలో కూర్చుని పొద్దుగూకినంక బొంబాయి రైలెక్కిండు. "చదువుకుంటే కులం పోతది, సంపాదిస్తే కులం పోతది" అని మనకు నీతులు చెప్పేవాళ్లారా, ఆయన కంటే ఎక్కువ చదివినోడు మనలో ఎవడు? నూరేళ్లు దాటింది. రైలు మారింది, సత్రం అపార్ట్‌మెంటు అయింది. కర్ర పోయి చిరునవ్వు వచ్చింది. గెంటుడు మారలేదు.

పెద్ద చదువుల చోట మారిందా అంటే అదీ లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొడితే, వాళ్లు క్యాంపస్‌లోనే గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టిండ్రు. 2016 జనవరి 17న వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నడు. ఊరి చివర ఉండే వెలివాడ విశ్వవిద్యాలయం నడిబొడ్డుకు నడిచి వచ్చింది.

2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ దగ్గర 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం నిలబెట్టారు. కొత్త సచివాలయానికి ఆయన పేరే పెట్టారు. సంతోషమే. కానీ ఆయన బిడ్డలకు ఈ పట్నంలో పదడుగుల గది దొరకాలంటే ఆయన ఫోటోను పెట్టెలో దాచాలి. బయట 125 అడుగులు, ఇంట్లో చీరల కింద. ఇదేనా గౌరవం?

చట్టం సంగతి చూడండి. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు అని పేరుపేరునా చెప్పింది. ఆ వరుసలో అద్దె ఇల్లు లేదు. కులం పేరు పెట్టి నలుగురిలో తిడితే 1989 చట్టం కింద కేసు పెట్టొచ్చు. మరి "తమ్ముడు వస్తున్నడు" అన్న మాట మీద ఏ ఠాణాలో ఏం రాసిస్తాం? పట్నం కులం తిట్టదు, కొట్టదు. సాకు చెప్పి పంపిస్తుంది. సాకును పట్టుకునే చట్టం కావాలి.

ఇంకో మాట కూడా మన మధ్యనే చెప్పుకోవాలి. మనలో నాలుగు రాళ్లు సంపాదించి ఇల్లు కట్టుకున్నోళ్లు కొందరు, మన పల్లె నుంచి వచ్చిన పిల్లలకు గది ఇవ్వడానికి జంకుతున్నారు. వాళ్లొస్తే తమ గుట్టు బయటపడుతుందని భయం. మాల ఇంట్లో మాదిగకు గది లేదు, ఇద్దరి ఇంట్లో రెల్లికి, డక్కలికి గది లేదు. మనువు ఓనరు రూపంలోనే ఉంటాడని ఎవరన్నారు? మన గడప దగ్గర కూడా కాచుకుని ఉన్నాడు.

కాబట్టి ఊర్లోని తమ్ముడూ, నీకు నా జవాబు ఇది. పట్నం రా. తప్పకుండా రా. దొర పొలం గట్టు మీద ముసలోడివి కావొద్దు. కానీ పట్నంలో కులం లేదనుకుని రాకు. అబద్ధం పేరు మూట కట్టుకుని రాకు. అది ఏడాదిన్నర నీడనిచ్చి, నీ అమ్మ నోరు, నీ బిడ్డ సంబరం అద్దె కింద వసూలు చేసుకుంటుంది.

సంఘం నాయకులకు ఒక మాట. 1918లోనే ఈ పట్నంలో రెడ్డి హాస్టల్ వెలిసింది. పల్లె పిల్లలు పట్నంలో నిలవాలంటే ముందు చోటు కావాలని వాళ్లకు నూరేళ్ల కిందనే ఎరుక. మనవాళ్లకూ ఎరుకే. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడులు తెరిచిండు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం లేచింది. ఆ దారి మనం ఎందుకు మరిచినం? విగ్రహానికి దండ వేసే చందాలో సగం పెట్టి, ప్రతి బస్తీలో ఒక గదైనా సంఘం పేరు మీద తీసుకుందాం. కులం దాచకుండా ఇల్లు దొరికే చోట్ల జాబితా రాసి, ఊరు నుంచి వచ్చే పిల్లల చేతికిద్దాం. కులం, మతం చూసి అద్దెకు నిరాకరిస్తే శిక్షపడే చట్టం రాష్ట్ర శాసనసభ చెయ్యాలని అడుగుదాం. పని చేసుకునే మన ఆడపిల్లలకు, మగపిల్లలకు నగరం నడుమ సర్కారు హాస్టళ్లు కట్టమని అడుగుదాం. ఊరవతల కాదు, పని ఉన్న చోటనే.

ఇప్పుడున్న ఇల్లు ముషీరాబాద్‌లో ఒక్క గది. నిజం చెప్పి అడిగితే పదకొండో చోట దొరికింది. ఇల్లు భాయ్ వాళ్ల చుట్టాలది. గోడకు మొదటి మేకు నా బిడ్డతోనే కొట్టించాను. బాబాసాహెబ్ పెట్టెలోంచి బయటికొచ్చిండు. మళ్లీ లోపలికి పోడు.

జై భీమ్.

- ఒక ప్రెస్సు కార్మికుడు