తాళం ప్రాసెసర్‌కెందుకు?

తొగుట లాంటి ఊళ్లో బోరు మోటరు కాలితే రైతు వైండింగ్ షాపుకు పట్టుకుపోతాడు. మోటరు ఒక కంపెనీది, స్టార్టరు ఇంకొకరిది, కేబులు మరొకరిది. నీళ్లొస్తే చాలు. సర్వర్లకూ ఈ పద్ధతి ఉండొద్దా అంటే "అక్కడ భద్రత ముఖ్యమండీ" అని నోరు మూయిస్తారు. ఆ మాటతోనే నా పేచీ.

ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్లలో ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ అనే ఏర్పాటుంది. చిప్పు లోపల ఒక్కసారి మాత్రమే కాల్చగల ఫ్యూజులుంటాయి. సర్వర్ తయారీదారు తన తాళంచెవి ముద్రను వాటిలో కాల్చేస్తే, ఇక ఆ కంపెనీ సంతకమున్న బయాస్‌తోనే (మెషీన్‌ను లేపే తొలి సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ లేస్తుంది. ఏఎండీ అమ్మేటప్పుడు ఈ ముడి ఉండదు. వేసేది డెల్, లెనోవో లాంటివాళ్లు. పైకి ఏ గుర్తూ కనపడదు. వేరే కంపెనీ బోర్డులో పెడితే ఆ ప్రాసెసర్ ఎస్‌పీ3 సాకెట్ 4094 కాంటాక్టుల మీదా చక్కగా కూర్చుంటుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి డబ్బు కట్టాకే సంగతి తెలుస్తుంది.

బయాస్‌లో దొంగ కోడ్ దూరడం కట్టుకథేం కాదు. 2018లో భద్రతా సంస్థ ఈసెట్ పరిశోధకులు బయటపెట్టిన లోజాక్స్, విండోస్ మళ్లీ వేసినా, డిస్కే మార్చినా వదల్లేదు. కాపలా కావాల్సిందే. కానీ ఇదే కాపలా కాసే ఇంటెల్ బూట్ గార్డ్ ఫ్యూజులు బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉంటాయి. గూగుల్ ఇదే పనికి టైటన్ అనే విడి చిప్పు చేసుకుంది. హెచ్‌పీఈ బోర్డు మీది ఐలో చిప్పుకు అప్పగించింది. కాపలా బోర్డు మీదుంటే ప్రాసెసర్‌ను కట్టేయనక్కర్లేదు.

"సర్వర్ గదిలోకే దొంగ వస్తే?" అంటారు. అంతదాకా వచ్చి బోర్డు విప్పినవాడు ముడిలేని ప్రాసెసర్ ఒకటి జేబులో తెచ్చుకోలేడా? దీనికి సూటి జవాబు నేనింకా వినలేదు.

లాభమెవరికో చూడండి. బోర్డు పోయిందంటే అదే కంపెనీ బోర్డు కొనాలి, లేదా బతికున్న ప్రాసెసర్‌ను చెత్తలో వేయాలి. జిల్లా కాలేజీ ల్యాబుకు ఇంకొన్నేళ్లు పనికొచ్చే సరుకది! కేంద్రం 2022 డిసెంబరులో తెరిచిన రిపేరు హక్కు పోర్టల్‌లో వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు పెట్టారు. సర్వర్ల ఊసు లేదు. సర్వర్లు అందులోకి వచ్చేదాకా ఆగనక్కర్లేదు, సర్కారు టెండర్లలో ఒక్క వాక్యం చేరిస్తే సరి: ఫ్యూజులు కాల్చని ప్రాసెసర్లే ఇవ్వాలి, కాల్చి ఉంటే బిల్లు మీద రాయాలి.