కొండ మీదికి గ్యాస్ బండ

వేసవిలో రెడ్డిగూడెం నుంచి బెజవాడ బస్సెక్కితే సీట్ల కింద మామిడికాయల సంచులే. మైలవరం, జి.కొండూరు, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి... అంతవరకూ ఇబ్బంది లేదు. భవానీపురం దాటాక ఒకపక్క ఇంద్రకీలాద్రి, మరోపక్క కృష్ణమ్మ. మధ్యనున్న కాస్త జాగాలోంచే అందరూ దూరాలి. 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ వచ్చాక ఆ ఇరుకు కొంత తగ్గింది. బస్టాండులో దిగాకే అసలు ప్రయాణం!

సంచి కూతురింటికి. ఆ పిల్ల కాపురం చిట్టినగర్ వైపు కొండ మీద. ఆటో కొండ మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి మెట్లు. సంచి భుజానికెత్తుకుని నాలుగుచోట్ల కూర్చుని లేస్తే గానీ గుమ్మం కనబడదు.

బెజవాడకు కొండలు కొత్తా? కానీ వాటి మీద ఇన్ని ఇళ్లెందుకు లేచాయంటే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనికోసం వచ్చినవాళ్లకు కింద అద్దె అందలేదు కనుక. గ్యాస్ బండ పైకి చేరాలంటే మోసినవాడికి విడిగా ఇచ్చుకోవాలి. నీళ్లు రాని రోజున బిందె నెత్తికెక్కుతుంది. నెలలు నిండిన మనిషికి నొప్పులొస్తే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు దించాలి. అర్ధరాత్రి, వానలో... ఆ నలుగురూ దొరకాలి కదా!

ఇక రైలు సంగతి. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోనే విజయవాడ ప్రాంతానికి మెట్రో సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ ప్రాజెక్టు నివేదిక తయారుచేసింది. శ్రీధరన్ గారు సలహాదారు. బస్టాండు నుంచి బందరు రోడ్డున పెనమలూరుకు ఒకటి, ఏలూరు రోడ్డున నిడమానూరుకు మరొకటి, రెండు దారులూ కలిపి సుమారు 26 కిలోమీటర్లు. టెండర్లు పిలిచారు, రద్దు చేశారు. తర్వాత ‘లైట్ మెట్రో’ అన్నారు. అంటే చిన్న పెట్టెలు, తక్కువ బరువు, ఇరుకు మలుపుల్లోనూ తిరిగే రైలు. ఖర్చూ తక్కువే. అదీ కాగితం దాటలేదు. 2024 డిసెంబరులో గన్నవరం దాకా పొడిగించి 38.4 కిలోమీటర్ల మొదటి దశకు రాష్ట్రం ఆమోదం తెలిపింది. అంచనా సుమారు 11 వేల కోట్లు.

ఈ దారులన్నీ బస్టాండులో మొదలై తూర్పుకే పోతాయి. జగ్గయ్యపేట, నందిగామ, మైలవరం వైపు నుంచి వచ్చేవాళ్లకు బస్టాండు తర్వాతే రైలు. అదీ మేలే, కాదనలేం. కానీ కొండ మీది వాళ్లకు? రైలు కొండెక్కలేదు. ఇనుప చక్రం ఇనుప పట్టాల మీద నిటారు ఎత్తున జారిపోతుంది. గాంధీ కొండ మీద పిల్లల రైలు తిరిగింది గానీ, అది పైనే చుట్టూ తిరిగే సరదా బండి.

కొండెక్కేది తాడు బండి. స్టేషన్లో మోటారు తిరుగుతుంటే ఉక్కు తాడు ఆగకుండా చుట్టూ నడుస్తుంది, దానికి పెట్టెలు వేలాడతాయి. స్తంభాలకూ స్టేషన్లకూ చోటుంటే చాలు, సందులు వెడల్పు చేయనక్కర్లేదు. మన దగ్గర రోప్‌వే అనగానే శ్రీశైలం పాతాళగంగో, విశాఖ కైలాసగిరో గుర్తొస్తాయి. బెజవాడలో ఆ మాట వచ్చినా గుడి, భవానీ ద్వీపం అంటారు. చూసిపోయేవాళ్లకే తప్ప ఉండేవాళ్లకు కాదన్నమాట!

కొలంబియాలో మెడలిన్ అని ఒక నగరం. నది వెంట లోయలో మెట్రో రైలు, ఇరువైపులా కొండల మీద పేదల ఇళ్లు. 2004లో అక్కడ మెట్రో స్టేషన్ నుంచే కొండ మీదికి తాడు బండి వేశారు. పర్యాటకులకు కాదు, కూలికి పోయేవాళ్లకు. బొలీవియా లాపాజ్‌లో 2014లో మొదలుపెట్టి ఊరంతా అల్లేశారు. మన దేశంలో కాశీలో రైల్వేస్టేషన్ నుంచి గొదౌలియా వరకు రోప్‌వేకు 2023లో శంకుస్థాపన జరిగింది. అది నగర రవాణా కోసమే.

చిక్కులు లేవని కాదు. 2022 ఏప్రిల్లో జార్ఖండ్ త్రికూట పర్వతం మీద రోప్‌వే చెడి, జనం గాలిలో ఒకటిన్నర రోజుకు పైగా చిక్కుకుపోయారు, ప్రాణాలూ పోయాయి. నిర్వహణ సరిగా లేని తాడు కంటే మెట్లే నయం. పైగా బెజవాడ కొండలు వానకు కదులుతాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో బండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. స్తంభం ఎక్కడ నిలుస్తుందో, అసలు ఇల్లే ఎక్కడ నిలుస్తుందో ముందు తేల్చాలి. కొన్ని ఇళ్లకు తాడు కాదు, కింద స్థలమే దారి.

కనీసం మెట్రో గీతలు గీసే బల్ల మీద కొండల పటం కూడా పరిచి ఉంచితే? బస్టాండు నుంచి ఏ కొండ ఎంత దూరం, ఎన్ని మెట్లు, ఎన్ని కుటుంబాలు... లెక్క తీయడానికి వేల కోట్లు అక్కర్లేదు. ఈలోగా కొండ మొదట్లో ఆటో ఆగింది. రెడ్డిగూడెం పెద్దాయన తువ్వాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, సంచి ఎత్తమని పక్కనున్న కుర్రాణ్ని అడుగుతున్నాడు.