మా కుట్టుపని ఎవరి పేరున?

కొత్తపల్లెలో పన్నెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. గూగుల్ మ్యాపులో వెతికితే మాత్రం నిన్న మొన్నటి దాకా మా ఆయన పేరు, ఆయన నంబరే కనిపించేవి. ఆళ్ళగడ్డ నుంచి ఫోన్ చేసిన ఆడవాళ్ళు మగగొంతు వినగానే పెట్టేసేవారు.

ఇదొక చిన్న విషయమని కొట్టిపారేయకండి. ఆ నమోదుకు పైసా ఖర్చు లేదు, కానీ ఎవరి ఈమెయిలుతో చేస్తే పెత్తనం వాళ్ళది. పొదుపు పుస్తకంలో సొంత పేరు చూసుకోవడానికి డ్వాక్రా రోజుల్లో మా అమ్మల తరం ఎంత పెనుగులాడిందో! అదే పేచీ ఇప్పుడు ఫోనులోకి వచ్చింది.

ఇంటి గుర్తులు ఊరందరికీ ఎందుకని మా అత్త భయపడింది. ఉత్త భయమని నేననను. కొలతలకు నేనే వాళ్ళిళ్ళకు పోతాను గనక చిరునామా దాచి, తిరిగే ఊళ్ళు మాత్రం చూపించాను. అందుకు వీలుంది. నంద్యాలలో ఒకతను రెండువేలిస్తే మొదటి వరసలో పెట్టిస్తానన్నాడు. వెతికిన మాటకు పొంతన, దూరం, జనంలో ఉన్న పేరు, ప్రధానంగా ఈ మూడే చూస్తామనీ, డబ్బు తీసుకుని వరస మార్చమనీ గూగులే చెప్పుకుంది.

ఆ పేరు దగ్గరే మనకు దెబ్బ. పేరు పెరగడానికి నలుగురూ రాసే అభిప్రాయాలు కావాలి. రాయాల్సింది మా దగ్గర కుట్టించుకునే స్త్రీలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మందే, మగవాళ్ళు దాదాపు 49 మంది. ఫోను భర్త జేబులో ఉంటే జాకెట్టు బాగా కుదిరిందని ఎవరు రాస్తారు? ఎరువుల కొట్టుకు యాభై అభిప్రాయాలుంటాయి, నాకు నాలుగు. వాటిలో రెండు, కాలేజీ సెలవులకు వచ్చిన కూతుళ్ళు తల్లుల తరఫున రాసినవి.