ఎక్కడ తినాలో సరే, ఎక్కడ కూచోవాలో చెప్పండి

అమీన్ పీర్ దర్గా ఉరుసుకు వస్తున్నాం, కడపలో ఎక్కడ తినాలో చెప్పు భాయ్ అని హైదరాబాద్ నుంచి ఒక దోస్త్ ఫోన్ చేశాడు. జియారత్ చేసుకుని మర్నాడు కర్నూలు మీదుగా వెనక్కి పోతారట. మొత్తం ఆరుగురు. తిండి గురించి ఎవరైనా అడిగితే నాకు చేయి ఆగదు. రాత్రి కూచుని పొడుగాటి మెసేజ్ రాసేశాను.

ఫజర్ నమాజ్ కాగానే పాత ఊరి గల్లీల్లోకి పో, రాత్రంతా సన్నటి మంట మీద ఉడికిన పాయా ఉంటుంది, షేర్వాలో పరోటా ముంచుకుని తిను అన్నాను. ఎనిమిది దాటితే అడుగంటిన మసాలా తప్ప ఏం మిగలదనీ రాశాను. పాయా దొరక్కపోతే ఏడు రోడ్ల వైపు నడిచి కారం దోశ తినమన్నాను. ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి నూరిన ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి కాలుస్తారు, కళ్ళలో నీళ్ళొస్తాయి, తుడుచుకుని ఇంకొకటి చెప్పు అన్నాను. మధ్యాహ్నం కుష్కా, బోటీ. లేదంటే సంగటి, నాటుకోడి పులుసు. కర్నూల్లో కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మటం చూశాక పాతబస్తీలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నీళ్ళలో తడిపి పిండి తిరగమోత పెట్టే ఆ నాష్తా హైదరాబాద్‌లో చేస్తే ఇక్కడి రుచి రాదు. ఎందుకో నన్నడగొద్దు.

అక్కడితో ఆగకుండా తారీఖ్ కూడా చెప్పాను. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఇంగ్లీషోళ్ళు 1839లో గద్దె దింపారు, నవాబీ పోయింది, దావత్ మిగిలింది అని. మాకు సముద్రం లేదు, రేవు లేదు, 1860ల్లో పడవలు కూడా నడవాలని తవ్విన కె.సి. కెనాల్ ఒక్కటుంది అని. వానలు తక్కువ పడే నేల కాబట్టి మాది జొన్న రొట్టె, రాగి సంగటి. ఒకప్పుడు వరి అన్నం పండగకే, బిర్యానీ నికాకే అని. చివర్లో నసీహత్ కూడా ఇచ్చాను: బైపాస్ రోడ్డు మీద మండీ బోర్డులు చూసి ఆగొద్దు, అది మన ఖానా కాదు.

పంపే ముందు మా ఆవిడకు చూపించాను. చదివి ఫోన్ తిరిగిచ్చింది.

"బాగానే రాసినారు. భాభీ, పిల్లలు యాడ కూచుంటారు?"

మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఎనిమిది చోట్లు రాసి ఉన్నాను. అన్నీ బెంచీ హోటళ్ళే. అన్నీ మగాళ్ళవే. ఆడమనిషి లోపలికి రాకూడదని ఎక్కడా బోర్డు లేదు, రావాలనిపించేదీ ఏమీ లేదు. మోచేయికి మోచేయి తగిలే బెంచీలు, బయట నిలబడి బీడీ తాగే వాళ్ళు, చేయి కడగడానికి రోడ్డు పక్కన డ్రమ్ము. నఖాబ్ వేసుకున్న మనిషి షేర్వా ఎలా తాగుతుంది? ఇరవై ఏళ్ళుగా ఈ హోటళ్ళ మీద రాస్తూ వచ్చాను. ఈ సవాల్ ఒక్కసారీ నాకు తట్టలేదు. షర్మ్ వేసింది.

మా అమ్మీ సంగతి చెబుతాను. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ అబ్బా నన్ను ఫజర్ అయ్యాక పాయా హోటల్‌కు తీసుకుపోయేవాడు. ఇంటికి డబ్బాలో తెచ్చేవాళ్ళం. అది చేరేసరికి పైన కొవ్వు గడ్డకట్టి ఉండేది. అమ్మీ వేడి చేసుకుని తిని, వీళ్ళు ధనియాలు ఎక్కువ వేసినారు అని తీర్పు చెప్పేది. ఆమె చేతి పాయా ముందు ఏ హోటల్ పాయా నిలవదు. కానీ ఆ దేగ్‌చా మూత తీసినప్పుడు లేచే ఆవిరిని ఆమె డెబ్బై ఏళ్ళ జిందగీలో ఒక్కసారి కూడా చూడలేదు.

కొన్నేళ్ళ కింద ఆసుపత్రి పని మీద అమ్మీని కర్నూలు తీసుకుపోయాను. పరగడుపున రక్తం ఇచ్చి వచ్చింది, కళ్ళు తిరుగుతున్నాయి. దగ్గర్లో ఒక హోటల్‌లోకి దూరాం. మనవాళ్ళదే. కౌంటర్ దగ్గరి మనిషి చాలా అదబ్‌గానే చెప్పాడు, "అమ్మీకి లోపల ఇబ్బంది భాయ్, పార్సిల్ కట్టిస్తా." బస్టాండులో సిమెంటు దిమ్మె మీద, గోడ వైపు తిరిగి, నఖాబ్ కింద నుంచి వేళ్ళు పోనిచ్చి ఆమె ఇడ్లీ తిన్నది. ఆరోజు నాకు కోపం రాలేదు. అదే నన్ను ఇప్పుడు బాధపెడుతోంది. మామూలు విషయంలాగే అనిపించింది.

ఇక మండీ. దాని మీద నేను చాలానే తిట్లు రాశాను. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన వంట అది. నిజాం ఫౌజులో చేరిన అరబ్బుల సంతానం హైదరాబాద్ బార్కస్‌లో ఉంది, అక్కడి నుంచే ఈ హోటళ్ళు మన దాకా పాకాయి. మన దాల్చా, మన ఖట్టా పిల్లలు మర్చిపోతున్నారని నా ఏడుపు. డిగ్రీ చదివే మా బేటీ ఒక్క మాటతో నోరు మూయించింది. "రుచి కోసం కాదబ్బా మేం పోయేది. అక్కడ పర్దా వేస్తారు. నఖాబ్ తీసి కింద కూచుని నవ్వుకుంటా తింటాం."

అరబ్బుల పేరు పెట్టుకున్న హోటల్ ఇచ్చినదేమిటి? కింద కూచోవడం, ఒకే పళ్ళెం, చుట్టూ ఇంటిమనుషులు. ఇది మన దస్తర్‌ఖానే కదా! మన హోటళ్ళు బెంచీలు వేసుకుని దాన్ని బయట పడేశాయి, ఎవరో ఏరుకుని డబ్బులు చేసుకుంటున్నారు.

మన ఆడాళ్ళు హోటళ్ళకు రారు భాయ్ అంటారు యజమానులు. బజారుకు వస్తున్నారు, కాలేజీకి పోతున్నారు, సచివాలయాల్లో ఉద్యోగం చేస్తున్నారు, ఉరుసుకు రాయచోటి నుంచీ ప్రొద్దుటూరు నుంచీ బస్సుల్లో దిగుతున్నారు. వీళ్ళకు ఆకలి వేయదా? ఇంకొందరు బుజుర్గులు బయట తినడం బేహయాయీ అంటారు. వాళ్ళతో అదబ్‌గానే ఒక మాట: మన పెళ్ళిళ్ళలో జనానా ఉంటుంది. జనానా అంటే ఆడాళ్ళకు చోటు లేకపోవడం కాదు, వేరే చోటు ఉండటం. (అక్కడికి బిర్యానీ మర్దానా తిన్నాక చల్లారి వస్తుందనేది ఇంకో రోజు రాస్తాను.) పైగా ఈ హోటళ్ళ వెనక పెరట్లోకి ఒకసారి తొంగి చూడండి. నేను చూసిన రెండు చోట్ల కాళ్ళు కాల్చి గీకేదీ, అల్లం వెల్లుల్లి నూరేదీ ఆడాళ్ళే. వండే హక్కు ఉంది, కూచునే హక్కు లేదు.

చోటు లేదన్న మాట మాత్రం నిజం. పాత ఊళ్ళో దుకాణం పది అడుగులు ఉంటే గొప్ప. కిరాయి భారం నాకు తెలుసు. ఏసీ గది కట్టమని నేను అడగడం లేదు. ఒక మూల రెండు బెంచీలు, ఒక పర్దా, లోపలే చేయి కడుక్కునే కొళాయి. ఏడాది పొడుగునా కుదరకపోతే ఉరుసు రోజుల్లోనైనా, ఆదివారం పొద్దున రెండు గంటలైనా. మరుగుదొడ్డి విషయం మునిసిపాలిటీ చూడాలి, అది చిన్న హోటల్ మీద వేసే భారం కాదు. మనవంతు పని కూడా ఒకటుంది. ఈసారి పార్సిల్ చెప్పకండి. ఇంటివాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి, ఎక్కడ కూచోవాలి చాచా అని అడగండి. అడిగేవాళ్ళు లేకపోతే పర్దా ఎవరు కడతారు?

దోస్త్‌కు ఆ మెసేజ్ పంపలేదు. మళ్ళీ రాస్తే ఎనిమిదిలో రెండే మిగిలాయి, రెండూ దోశ దుకాణాలు. పాయా కోసం నేను చిన్నప్పటి నుంచి పోయే హోటల్ చాచాను అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. ఎంతమంది అన్నాడు. ముగ్గురు ఆడాళ్ళు, ఇద్దరు పిల్లలు అన్నాను. గోడ వైపు బెంచీని, పైనున్న మేకుల్ని కాసేపు చూసి, "ఆరుకే రండి, దుప్పటి కడతా" అన్నాడు.

అమ్మీకి చెప్పాను. మెహమానులు వచ్చే దాకా ఆగడం ఎందుకు అంది. ఈ ఆదివారమే పోతున్నాం.