బల్లి పలుకులకు సిలబస్‌లో చోటివ్వండి

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చైర్‌పర్సన్ గారికి,

నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఏడేళ్లప్పుడు స్కూలు వరండాలో నడుస్తూ నాలుకతో టక్ టక్‌మనిపించేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. గోడ ఉన్నంతమేరా ఆ చప్పుడు బిగుతుగా తిరిగొచ్చేది. తెరిచిన తలుపు దగ్గర లోపలికి జారిపోయేది. నాలుగోసారి జారిందంటే మా క్లాసు. "ఏంట్రా ఆ బల్లి పలుకులు?" అని ఒకరోజు సారు నెత్తిన మొట్టారు. మానేశాను. మళ్లీ మొదలుపెట్టేసరికి ముప్పై దాటాయి. మమ్మల్ని చూసి జనం నాలుకతో "చ్చుచ్చు" అంటే జాలి. మేం అదే నాలుకతో దారి వెతుక్కుంటే వెకిలితనం!

ఇలా చప్పుడుతో దారి వెతుక్కోవడాన్ని ఎకోలొకేషన్ అంటారు. 1944లో గబ్బిలాల మీద పనిచేస్తూ డొనాల్డ్ గ్రిఫిన్ పెట్టిన పేరది. కాలిఫోర్నియాలో డేనియల్ కిష్‌కు క్యాన్సర్ వల్ల పదమూడో నెలకే రెండు కళ్లూ తీసేశారు. ఆయన టక్‌మంటూనే సైకిలు తొక్కాడు, ఇతరులకూ నేర్పాడు. అది ఆయనొక్కడికే దక్కిన వరమేమో అనుకోకండి. బ్రిటన్‌లోని డరమ్ యూనివర్సిటీ వాళ్లు 2021లో ప్రచురించిన అధ్యయనంలో 21 నుంచి 79 ఏళ్ల వాళ్లు పది వారాలు సాధన చేశారు. మూడు నెలల తర్వాత అడిగితే, వాళ్లలో చూపులేని 12 మందీ తమ రాకపోకలు మెరుగయ్యాయన్నారు.

తెల్లకర్ర తీసేయమనడం లేదు. గుంత, మెట్టు, మూతలేని మ్యాన్‌హోల్ కర్రే చెప్పాలి. చప్పుడుకు అవి దొరకవు. కానీ వీధిలోకి తెరిచిపెట్టిన కిటికీ రెక్క కర్రకు తగలదు, నుదుటికే తగులుతుంది; దాన్ని ముందే చెప్పేది చప్పుడే. హారన్ల మోతలో మాత్రం ఈ విద్య పారదు, ఒప్పుకుంటాను.

ఖర్చంటారా? ఒక స్టీలు పళ్లెం. పిల్లవాడి ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని టక్‌మనమనండి. పళ్లెం తీసేసి మళ్లీ అనమనండి. మొన్న మా పక్కింటి కుర్రాడు కళ్లు మూసుకుని మూడోసారికే "ఇప్పుడు తీసేశావు బాబాయ్" అన్నాడు.

ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు సిలబస్ ఖరారు చేసేది మీరే. దారి తెలుసుకుని నడవడం నేర్పే ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీలో కర్ర పక్కనే దీనికీ సాధన గంటలు కేటాయించండి. పిల్లలు టక్‌మంటే మొట్టకూడదని కూడా అందులోనే ఓ ముక్క రాయించండి.

ఇట్లు,
ఒకప్పటి వరండా బల్లి