ఇంటి నిలవ – దాని బాగోగులు

2025 జూన్ నెలలో మన రాష్ట్రమంతటా చౌకధరల దుకాణాల వద్ద ఒక విశేషం జరిగింది. వానకాలంలో రవాణాకు ఆటంకాలు కలుగకుండా ముందుగానే ఇచ్చివేయవలసిందన్న కేంద్ర ప్రభుత్వ సూచన మేరకు జూన్, జూలై, ఆగస్టు నెలల బియ్యం ఒకేమారు పంపిణీ అయింది. మనిషికి నెలకు 6 కిలోల చొప్పున మూడు నెలలకు 18 కిలోలు. అయిదుగురున్న కుటుంబానికి 90 కిలోలు. ఆ దినాలలో బంట్వారంలో మూట మోయని మనిషి గాని, మూట ఎక్కని మోటారు సైకిలు గాని లేదంటే అతిశయోక్తి కాదు. సర్కారు గిడ్డంగి బరువు ఒక్క నెలలో మన ఇండ్లలోకి బదిలీ అయింది. గిడ్డంగికి కాపలా ఉంటుంది, లెక్క ఉంటుంది, పురుగును కనిపెట్టి చూచే మనిషి ఉంటాడు. మన ఇంటి నిలవకు ఎవరున్నారు? ఈ వ్యాసానికి ఆ ప్రశ్నయే మూలం.

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి బియ్యపు పురుగుతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చు. నా పని ఏమిటో చెప్పక తప్పదు. 2020 మార్చి 25 నుండి మే 31 వరకు, 68 దినాలు, దేశమంతా తలుపులు మూసుకొని కూర్చున్నప్పుడు అందరివలె నేనూ భయపడ్డాను. భయపడి నాలుగు బస్తాల బియ్యం, 20 కిలోల కందిపప్పు, 10 కిలోల గోధుమపిండి తెచ్చి ఇంటి వెనుక గదిలో నాపరాళ్ళ నేలమీద, గోడకు ఆనించి పేర్చాను. ఏప్రిల్ మాసంలో, తాండూరు వైపు నాపరాయి గనులలో కూలికి పోయే ఒక కుటుంబంవారు మా ఇంటికి వచ్చి బియ్యం అడిగారు. కొత్త బస్తా విప్పడానికి నాకు మనసొప్పలేదు. వంటింటి డబ్బాలోనివి రెండు సోలలు ఇప్పించి పంపాను.

ఆ బస్తాలను ఆగస్టులో విప్పాను. అడుగు బస్తా చెమ్మకు గడ్డకట్టి బూజు పట్టింది. పై బస్తాలలో బియ్యం కంటే ముక్కుపురుగులే చురుకుగా ఉన్నవి. పిండి సాలెగూడు అల్లినట్లు ఉండలు కట్టింది. మా అమ్మీ గది గుమ్మంలో నిలబడి చూచి, "అరె బేటా, నువ్వు గల్లా దాచలేదు, పాతర వేశావు" అన్నది. ఆమె చదువుకున్నది కొద్దిగానే. కాని ఆ రెండు మాటలను నేను ఇంతవరకు ఏ నిఘంటువులోను అంత స్పష్టంగా చూడలేదు.

ఉర్దూలో గల్లా అంటే ధాన్యం. దుకాణదారు డబ్బు పెట్టె కూడ గల్లాయే. తెలుగువారు ఆ మాటను స్వీకరించినప్పుడు ధాన్యాన్ని వదలి పెట్టెను మాత్రమే పట్టుకున్నారు. అందుకే మనకు గల్లాపెట్టె మిగిలింది. ఇక పాతర అన్నది ధాన్యం దాచే గొయ్యి. కరువునాడు ఊరి ప్రాణం నిలిపిన గొయ్యి. అటువంటి మాట నేటి వాడుకలో "పాతర వేయుట" అంటే పూడ్చివేయుట, నాశనం చేయుట అన్న అర్థానికి దిగజారింది. మాట ఎందుకు దిగజారిందో భాషావేత్తలు చెప్పాలి. నా బస్తాలు మాత్రం రెండు అర్థాలనూ ఒకేసారి నిరూపించాయి.

నిజమైన పాతర నా బస్తాల వంటిది కాదు. ఎత్తైన, నీరు చేరని చోట గొయ్యి త్రవ్వి, అడుగున, ప్రక్కల గడ్డి మందంగా పరచి, బాగుగా ఎండిన జొన్నలు నింపి, పైన మళ్ళీ గడ్డి వేసి మట్టితో మూసి గాలి చొరకుండ మెత్తేవారు. ఇందులో ఉన్న శాస్త్రం గట్టిదే. లోపలి ధాన్యమూ, పురుగూ కూడ శ్వాసిస్తాయి. ఉన్న ప్రాణవాయువు కొంత కాలానికి ఖర్చయిపోతుంది. ఆ పిమ్మట పురుగు బ్రతకలేదు. విషం చల్లకుండ పురుగును అణచే ఉపాయమది. అయితే ఆ చెడుగాలి మనిషికీ ప్రాణాంతకమే. పాతర తెరచిన వెంటనే అందులోకి దిగినవారు ప్రాణాలు పోగొట్టుకొనడం ఉన్నది. అందువల్ల తెలిసినవారు దానిని చాలసేపు తెరచి ఉంచి గాలి పోనిచ్చిన తరువాతనే దిగేవారు. పాతర తీయడమంటే ఇంట్లో ఒక చిన్న పండుగ వంటిది. ఒకసారి తీస్తే మరల మూసి లాభం లేదు గనుక, తీసిన ధాన్యాన్ని ఎవరెవరికి ఎంత అన్న లెక్క ముందే ఉండేది.

ఇండ్లలో గుమ్మి, గాదె, గోలెం ఉండేవి. వెదురు తడికతో అల్లిన గుమ్మిని పేడ, మన్ను కలిపి అలికేవారు. కందులలో బూడిద, నీడన ఎండిన వేపాకు కలిపేవారు. పచ్చి వేపాకు వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ; దాని తడి గింజకు పట్టుతుంది. పప్పుధాన్యాలకు కిలోకు ఒక చెంచాడు చొప్పున ఆముదం పట్టించే అలవాటు ఈనాటికీ కొన్ని ఇండ్లలో కలదు. పుచ్చుపురుగు గింజపైన తెల్లని చుక్కవంటి గుడ్డు పెడుతుంది. నూనె పొర ఆ గుడ్డుకు గాలి ఆడనివ్వదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు మన ప్రాంతం వారందరం సంతోషించాము. ఆ కందిని పుచ్చకుండ ఏడాది పొడవునా కాపాడిన ఆడవారి చేతి నేర్పు ఏ గుర్తింపు పత్రంలోను చేరలేదన్న సంగతి కూడ తలచుకోవాలి.

నిలవ ప్రస్తావన వచ్చినప్పుడు హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం కథ గుర్తుకు రాని ముస్లిం విద్యార్థి ఉండడు. ఏడేండ్ల పంట, ఏడేండ్ల కరువు అందరికీ తెలుసు. అందులోని వ్యవసాయ సూక్ష్మాన్ని మాత్రం మనం తొందరలో దాటిపోతాము. కోసిన పంటలో తినడానికి కావలసిన కొద్దిపాటి తప్ప మిగిలినది వెన్నులోనే ఉంచవలసిందని ఆయన చెప్పారు. నూర్చని గింజకు పొట్టు కవచం. మన రైతు విత్తనపు మక్కకంకులను పొత్తి విప్పి ఇంటి దూలానికి వ్రేలాడగట్టడంలో ఉన్నది కూడ ఇటువంటి తెలివే. మరొకటి. ధాన్యాగారాల బాధ్యతను కోరినప్పుడు ఆయన తన అర్హతలుగా చెప్పుకొన్నవి రెండే: కాపాడడం వచ్చు, విషయం తెలుసు. 2020లో నాకు ఆ రెండింటిలో ఏదీ లేదు. భయం మాత్రం పుష్కలంగా ఉన్నది.

భయంతో కొన్న వస్తువును మనిషి ముట్టడు. ముట్టితే తరిగిపోతుందని దిగులు. ముట్టని వస్తువు చెడిపోతుంది. నా అభిప్రాయంలో ఇంటి నిలవకు వచ్చే ఆపద అంతా ఇక్కడే ఉన్నది. నిలవ అన్న పేరే గాని, అది నిలువరాదు. చెరువు నీటివలె ఒక వైపు వస్తూ, ఒక వైపు పోతూ ఉండాలి. ఈ రోజు వండేది అన్నిటికంటె పాతది కావాలి, ఈ రోజు తెచ్చినది అన్నిటికంటె వెనుకకు పోవాలి. మనం నిత్యం తినేదే దాచాలి, దాచినదే నిత్యం తినాలి. ఇది కిరాణా దుకాణంలో పనిచేసే పిల్లవానికి కూడ తెలిసిన పద్ధతి. ఎం.ఏ. చదివిన నాకు తెలియలేదు.

మూడు నెలల బియ్యం సంగతికి వస్తాను. ముక్కుపురుగు ఆడది గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి పైన మూసివేస్తుంది. పిల్లపురుగు గింజను లోపలినుండే తిని పెరుగుతుంది గనుక బయటకు వచ్చేవరకు మనకు కనబడదు. వెచ్చగా, తేమగా ఉంటే సుమారు నెల రోజులలో ఒక తరం పూర్తి అవుతుంది. అనగా జూన్‌లో కంటికి కనబడని పదిమంది అతిథులకు ఆగస్టులో మునిమనుమలు తిరుగుతుంటారు. కాబట్టి 90 కిలోలను ఒకే పెద్ద డ్రమ్ములో పోసి రోజూ మూత తీయడం పురుగుకు గాలిని, తిండిని కలిపి వడ్డించడమే. అవే బియ్యాన్ని 15 కిలోల నూనె డబ్బాల వంటి బిగుతు మూత డబ్బాలలో, అంచువరకు నింపి, గట్టిగా మూసి ఉంచితే ఏడెనిమిది డబ్బాలు అవుతాయి. ఒకటి ఖాళీ అయిన తరువాతనే మరొకటి తెరవాలి. తెరవని డబ్బా ఒక చిన్న పాతర. డబ్బాలను శుభ్రంగా కడిగి, నూనె జిడ్డు పోయేవరకు తోమి, ఎండలో ఆరబెట్టడం మరువరాదు.

పోయడానికి ముందు గింజ ఎండి ఉండాలి. పంటికింద పెట్టి కొరికితే కటుక్కుమని విరగాలి, నలగరాదు. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పరచకూడదు, నెర్రెలిచ్చి నూకలవుతుంది. నీరెండలో గాని, గాలి ఆడే నీడలో గాని ఆరబెట్టడం మంచిది. మన ఇండ్లలోని నాపరాయి నేల వేసవిలో ఎంత హాయినిచ్చినా, వానకాలంలో చెమ్మగిల్లుతుంది. బస్తా క్రింద చెక్క బల్ల, గోడకు బస్తాకు నడుమ జానెడు ఎడం ఉండి తీరాలి. నా అడుగు బస్తా చెడిపోయినది ఈ రెండూ లేకనే.

పిండి నిలవ పెట్టడం తెలివితక్కువ. గింజ నెలల తరబడి ఆగుతుంది. సజ్జపిండి కొద్ది దినాలలోనే చేదెక్కుతుంది, జొన్నపిండి దానికి చెల్లెలు. వారానికి సరిపడ విసరుకొనడమే మేలు. కందులకంటె కందిపప్పుకు పుచ్చుపురుగు బెడద తక్కువ. చింతపండు గింజ తీసి ఉప్పు వేసి జాడీకెక్కిస్తే ఏడాదికి ఢోకా లేదు. బక్రీద్ మాంసాన్ని సన్నగా చీల్చి, ఉప్పు పసుపు పట్టించి, కరకరలాడే వరకు ఎండబెట్టిన ఒట్టితునకలు శీతలపెట్టెలు రాకముందు మన ఇండ్ల శీతలపెట్టెలు. కరెంటు పోతే వాటికి భయం లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. బియ్యంలో బోరిక్ పౌడరు కలపడం మన తెలుగు ఇండ్లలో విస్తారంగా వ్యాపించింది. అది పురుగుకు విషం, మనకు ఆహారం కాదు. అంతకంటె ఘోరం, గిడ్డంగులలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను కొందరు ఇంటి బస్తాలలో పెట్టడం. తేమ తగిలితే వాటినుండి వెలువడే వాయువు నిద్రించే కుటుంబాన్ని నిద్రలోనే ముగించగలదు. దానిని మనుషులుండే ఇంటిలోనికి తేనేరాదు. పురుగు పట్టిన బియ్యం జల్లించి, కడిగి వండుకొన్నవాడు చావడు. బూజు పట్టిన పల్లీలు, మక్కలు మాత్రం నిర్దాక్షిణ్యంగా పారవేయవలసినదే. ఆ బూజు విషం కడిగినా, ఉడికించినా పోదు. పొదుపు పేరిట దానిని పశువులకు వేయడమూ తప్పే.

ఈ మాటలన్నీ నాలుగు డబ్బాలు కొనగలవారికే గదా, ఏ రోజు కూలి ఆ రోజు తినేవాడు ఏమి దాచగలడని ఒకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన పొరుగున జహీరాబాద్ ప్రాంతంలో దొరికింది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి మహిళా సంఘాలు 1990ల నడిమి నుండి బీడు భూములను సాగుచేయించి, ఇచ్చిన అప్పును జొన్నల రూపంలో తిరిగి తీసుకొని, ఆ జొన్నలను ఊరిలోనే భద్రపరచి, కూలి దొరకని వానకాలపు నెలలలో పేద కుటుంబాలకు చౌకగా అమ్మినవి. ఆ నిలవ పాతబడే ప్రసక్తి లేదు. ప్రతి సంవత్సరం ఖాళీ అయి, ప్రతి సంవత్సరం నిండేది. దానిని నడిపినవారిలో అధికులు అక్షరం రాని దళిత స్త్రీలు.

మరొక వంక, ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో లోకంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో నూటికి 60 పాళ్ళు ఇండ్లలో పారబోసినదే. పెండ్లివారిని, హోటళ్ళవారిని నిందించడం మనకు సులభం. లెక్క మన వంటింటి వైపు వ్రేలు చూపుతున్నది. 2025 మార్చిలో ఐరోపా సమాఖ్య తన ప్రజలను కనీసం మూడు దినాలకు సరిపడ సామగ్రి ఇంటిలో ఉంచుకొనవలసిందని కోరింది. మూడు దినాలు చాలునా, మూడు వారాలు కావాలా అన్నది ఎవరి ఇంటి పరిస్థితిని బట్టి వారు తేల్చుకోవాలి. వాగులు పొంగి దారులు తెగే మా పల్లెలలో పదిహేను దినాల గింజలు ఉండుట మంచిదని నా ఉద్దేశం. అంతకు మించి దాచేవాడు తన ఇంటిని కాక, సంత ధరను కూడ తాకుతున్నాడు. ధర పెరగాలని ధాన్యాన్ని బిగబట్టే వ్యాపారాన్ని మన ధర్మం నిషేధించింది. ఆ వ్యాపారికి, భయంతో బస్తాలు పేర్చిన నాకు ఉద్దేశంలో భేదమున్నది గాని, ఆ ఏప్రిల్‌లో మా గుమ్మం ముందు నిలిచిన కుటుంబానికి ఆ భేదం వల్ల ఒక్క గింజ కూడ ఎక్కువ రాలేదు.

ఆగస్టులో చెడిపోయిన బియ్యంలో కొంత బాగుచేసి ఎవరికైనా ఇవ్వరాదా అని నాకు అనిపించింది. అమ్మీ అడ్డుపడింది. మనకు ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకొని తప్ప పుచ్చుకొనని వస్తువును దానం చేయరాదని ఖురాన్ ఆదేశమని గుర్తుచేసింది. దానం చేయవలసినది ఏప్రిల్‌లో, గింజ మంచిగా ఉన్నప్పుడు. బూజు పట్టిన బస్తాను మట్టిలో కప్పాము, మిగిలినది కోళ్ళకు పోయింది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన వసతిగృహపు సామాను గదిలో బస్తాలు నాపరాళ్ళ మీదనే ఉంటున్నవి. ఏది ముందు వచ్చినదో వంటవానికి తప్ప ఎవరికీ తెలియదు. ప్రతి బస్తాపైన వచ్చిన తేదీని ఉర్దూలోను తెలుగులోను సుద్దముక్కతో వ్రాయించాలి. వారానికి ఇద్దరు విద్యార్థుల చొప్పున నిలవ చూచి ఒక నోటుబుక్కులో ఎక్కించాలి. సెలవులకు ముందు మిగిలే మంచి గింజలను, చెడే వరకు ఆగకుండ, అవసరమున్న ఇండ్లకు చేర్చాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. చెక్క బల్లలు రెండు మా ఇంటిలో ఉన్నవి. అనుమతి లభిస్తే వచ్చే సోమవారమే తెచ్చి వేయించగలను.